కరెంటుకి భయపడతాం, అడగాల్సినవి అడగం

డిప్రెషన్‌కి కరెంటు ట్రీట్‌మెంట్ అనగానే ఎదుటివాళ్ల మొహం ఎలా మారిపోతుందో నాకిప్పుడు బాగా అలవాటైపోయింది. మా అక్కకి ఈసీటీ, అంటే మత్తిచ్చి తలకి కరెంటు పెట్టి ఫిట్స్ తెప్పించే ట్రీట్‌మెంట్, చేయించాం అని ఎవరికి చెప్పినా ముందు ఒక్క క్షణం మాట ఉండదు, తర్వాత గొంతు తగ్గించి "అంటే... షాకులా?" అంటారు, ఇక వరసగా అవే ప్రశ్నలు, నొప్పి పుట్టిందా, కట్టేశారా, ఇప్పుడు మనుషుల్ని గుర్తుపడుతుందా. వాళ్లని అనడానికేం లేదు లెండి, సినిమాల్లో చూసిందంతా అదే కదా, మనిషిని మంచానికి బెల్టులతో బిగించడం, నుదుటికి రెండు వైర్లు, ఎవరో మీట నొక్కగానే గావుకేకలు. కానీ నిజంగా కంగారు పడాల్సినవి, డాక్టర్ని ఆపి మరీ అడగాల్సినవి వేరే రెండున్నాయి. ఒకటి జ్ఞాపకాలు ఏమవుతాయని, రెండోది ట్రీట్‌మెంట్ అయిపోయాక జబ్బు తిరగబెడితే ఏంటని. నన్ను ఇన్నాళ్లలో ఆ రెండూ అడిగినవాళ్లు దాదాపు లేరు.

ఆ సినిమా సీను ఊరికే పుట్టలేదు, ఒకప్పుడు నిజంగానే అలా చేసేవాళ్లు. కథ 1934లో బుడాపెస్ట్‌లో మొదలైంది, లాడిస్లస్ మెడూనా అనే డాక్టర్‌కి ఫిట్స్ జబ్బుకీ స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బుకీ ఒకదానికొకటి పడదేమో, కావాలని ఫిట్స్ తెప్పిస్తే స్కిజోఫ్రెనియా తగ్గుతుందేమో అని ఒక ఆలోచన వచ్చింది. ఆ థియరీ తప్పని తర్వాత తేలిపోయింది, అయినా కర్పూరం ఇంజెక్షన్‌తో, తర్వాత మెట్రజాల్ అనే మందుతో ఫిట్స్ తెప్పిస్తే కొంతమంది నిజంగానే కోలుకున్నారు, అదే ఈ కథలో విచిత్రం. మెట్రజాల్‌తో ఇబ్బంది ఏంటంటే, ఇంజెక్షన్ ఎక్కాక ఫిట్స్ వచ్చేలోపు ఉండే ఆ కాస్త టైంలో పేషెంట్‌కి ప్రాణం పోతున్నంత భయం పుట్టేది, రెండోసారి అంటే వణికిపోయేవాళ్లు. రోమ్‌లో ఉగో చెర్లెట్టి, లూచో బీని అనే ఇద్దరు అదే పని కరెంటుతో చేద్దామని చూశారు. అక్కడి కబేళాలో పందుల్ని కోసే ముందు కణతలకి కరెంటు పెట్టి స్పృహ తప్పించేవాళ్లు, పంది చచ్చేది ఆ తర్వాత కత్తికే, అది చూశాకే ప్రాణం పోకుండా ఫిట్స్ తెప్పించొచ్చని చెర్లెట్టికి నమ్మకం కుదిరిందట. 1938 ఏప్రిల్‌లో, రైల్వే స్టేషన్‌లో ఏదేదో మాట్లాడుతూ తిరుగుతుంటే పోలీసులు పట్టుకొచ్చిన ఒకాయన మీద మొదటిసారి చేశారు. స్కిజోఫ్రెనియా కోసం మొదలెట్టిన ట్రీట్‌మెంట్ తీరా చూస్తే డిప్రెషన్‌కే ఎక్కువ పనికొచ్చింది.

అప్పట్లో మత్తు లేదు, కండరాలు వదులయ్యే మందు లేదు. ఫిట్స్ వచ్చినప్పుడు ఒళ్లంతా ఎంత గట్టిగా బిగుసుకునేదంటే వెన్నుపూసలు విరిగిన కేసులు కూడా ఉండేవి. 1940లో కండరాల్ని వదులుచేసే క్యురారే వాడటం మొదలుపెట్టారు, 1950ల మొదట్లో అదే పని చేసే సక్సినైల్‌కోలిన్ వచ్చింది, దాంతోపాటు మత్తు ఇవ్వడం మామూలైంది, అక్కడితో ఎముకలు విరగడం ఆగింది. కిక్కిరిసిన మెంటల్ హాస్పిటళ్లలో గోల చేసేవాళ్లని దారికి తెచ్చుకోవడానికి దీన్ని వాడిన రోజులూ ఉన్నాయి, అది అబద్ధమని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మచ్చ ఎంత గట్టిదంటే, 1972లో అమెరికాలో వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థిగా నిలబడ్డ థామస్ ఈగిల్టన్ తనకి డిప్రెషన్‌కి షాక్ ట్రీట్‌మెంట్ జరిగిందని బయటపడగానే పోటీ నుంచి తప్పుకోవాల్సొచ్చింది, అభ్యర్థిగా ఉన్నది మొత్తం 18 రోజులు.

ఇక మా అక్క విషయం. మామూలుగా దిగులుగా ఉండటం, ఏడవడం దాటి చాలా దూరం వెళ్లిపోయింది తను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది, ఏదైనా అడిగితే జవాబు రావడానికి నిమిషం పట్టేది, అదీ ఒక్క ముక్క. తినదు. ఎందుకు తినవే అంటే "నా పేగులు ఎండిపోయాయి, తిన్నది లోపలే కుళ్లిపోతుంది" అనేది, తన వల్ల మేమందరం అప్పులపాలయ్యామని నమ్మేది, మాకు అప్పులే లేవు, బావ పాస్‌బుక్ తెచ్చి చూపించినా నమ్మలేదు. రెండు రకాల మందులు ఫుల్ డోసులో, చాలినన్ని వారాలు వాడి చూశాం. రెండు మందులు సరిగ్గా వాడినా లొంగకపోతే దాన్ని మొండి డిప్రెషన్ కింద లెక్కేస్తారు, కానీ మా డాక్టర్ ఆ లెక్క కంటే ముందు చూసింది తను నీళ్లు తాగడం కూడా మానేస్తోందన్న విషయం. మందు మారిస్తే పని చేయడానికి ఇంకో నాలుగైదు వారాలు, అంత టైం లేదు, ఈసీటీ చేద్దాం అన్నారు.

మా అమ్మ ఒప్పుకోలేదు. "బిడ్డ ఇప్పటికే సగమైపోయింది, దానికి మళ్లీ కరెంటు పెడతారా" అని హాస్పిటల్ కారిడార్‌లోనే కూర్చుండిపోయింది. బావ చేతిలో కన్సెంట్ ఫారం, ఆయన నావైపు చూస్తున్నాడు, నేను ఫోన్‌లో గూగుల్ చేస్తున్నా, అందులో ఒక పేజీ దేవుడిచ్చిన వరం అంటుంది, ఇంకో పేజీ మెదడు కాల్చేస్తారు అంటుంది. చివరికి డాక్టరే అమ్మ పక్కన కూర్చుని "అమ్మా, ఇలా తిండి మానేసి, లేని విషయాలు నమ్ముతూ, కదలకుండా అయిపోయిన వాళ్లకే ఇది అందరికంటే బాగా పనిచేస్తుంది" అని చెప్పారు. ఆ మాట నిజమేనని తర్వాత చదివి తెలుసుకున్నా, భ్రమలతో కూడిన డిప్రెషన్, కెటటోనియా అని మనిషి బిగుసుకుపోయే స్థితి, పెద్ద వయసు, ఈ మూడింట్లో దీని ఫలితం ఎక్కువ. జనం మాత్రం "అంత సీరియస్ అయితే ఇంక ఏం పనిచేస్తుంది" అనుకుంటారు, ఇక్కడ లెక్క తిరగేసి ఉంటుంది.

ఒకసారి నన్ను లోపల నిలబడి చూడనిచ్చారు. పరగడుపున తీసుకెళ్తారు, ఆపరేషన్‌కి వెళ్లేటప్పటిలాగే రాత్రి నుంచి ఏమీ పెట్టకూడదు. చేతికి క్యాన్యులా, వేలికి ఆక్సిజన్ క్లిప్పు, ఛాతీకి ఈసీజీ, నుదుటి మీద మెదడు తరంగాలు చూసే స్టిక్కర్లు. మత్తు డాక్టర్ మత్తిచ్చారు, అక్క నిద్రలోకి జారుకుంది. అప్పుడు నర్సు ఒక కాలికి చీలమండ పైన బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టి బాగా బిగించింది, ఇదెందుకో నాకర్థం కాలేదు, అడిగితే చెప్పింది. కండరాలు వదులయ్యే మందు రక్తంలో ఒళ్లంతా పాకుతుంది కదా, పట్టీ బిగించిన పాదంలోకి మాత్రం వెళ్లదు, ఫిట్స్ వచ్చినప్పుడు ఒళ్లంతా కదలకుండా పడుంటే ఆ ఒక్క పాదం చూసి వచ్చిందో లేదో, ఎంతసేపు ఉందో లెక్కపెడతారంట. నోట్లో రబ్బరు దిమ్మ పెట్టారు, ఎందుకంటే కణతల దగ్గర దవడ కండరం ఉంటుంది, కరెంటు నేరుగా దాన్నే తాకుతుంది కాబట్టి ఎంత మందు ఇచ్చినా దవడ గట్టిగా కరుచుకుంటుంది.

తర్వాత జరిగింది చెప్పాలంటే, ఏం లేదు. దవడ బిగుసుకుంది, మొహం కొంచెం ముడుచుకుంది, కుడికాలి వేళ్లు చిన్నగా కొట్టుకోవడం మొదలైంది, మెషిన్‌లోంచి కాగితం మీద గీతలు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి, నర్సు గడియారం చూస్తోంది, అర నిమిషం పైన అయ్యాక గీతలు ఒక్కసారిగా సాఫీ అయిపోయాయి, పాదం ఆగింది. అంతే. మత్తు డాక్టర్ అక్క సొంతంగా ఊపిరి తీసుకునేదాకా మాస్క్ పెట్టి బ్యాగ్ నొక్కుతూ ఆక్సిజన్ ఇచ్చారు. నేను అంతకుముందు రాత్రంతా నిద్రపోకుండా ఊహించుకున్నదానికి ఇక్కడ చూసినదానికి సంబంధమే లేదు.

మెషిన్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే "కరెంటు" అన్న మాటతోనే గోడకున్న ప్లగ్గు గుర్తొస్తుంది అందరికీ. ఇచ్చేది దాదాపు 0.8, 0.9 ఆంపియర్ల కరెంటు, కానీ తెంపులేకుండా కాదు, చిన్న చిన్న పల్సులుగా, ఒక్కో పల్సు సెకనులో వెయ్యో వంతు లేదా అందులో సగం, కొత్త పద్ధతిలో ఇంకా తక్కువ, 0.3 మిల్లీసెకన్లు. అలా కొన్ని సెకన్లపాటు, ఎక్కువలో ఎక్కువ ఎనిమిది సెకన్లు, నిజంగా కరెంటు పారిన క్షణాలన్నీ కూడితే మామూలుగా సెకను కూడా రాదు. పాత మెషిన్లు గోడలోంచి వచ్చే కరెంటులాగే అలలా ఇచ్చేవి, అందుకే వాటితో మతిమరుపు చాలా ఎక్కువ. ఇంకోటి, అందరికీ ఒకే డోసు ఉండదు. ఒక్కో మనిషికి ఫిట్స్ రావడానికి కావాల్సిన కరెంటు ఒక్కోలా ఉంటుంది, మొదటి సెషన్లో కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయి అది ఎంతో కనుక్కుంటారు, ఆ లెక్క మీద తర్వాత డోసు నిర్ణయిస్తారు. ఫిట్స్ వస్తే చాలు అనుకునేవాళ్లు ఒకప్పుడు, 1993లో హెరాల్డ్ సాకైమ్ అనే అమెరికా పరిశోధకుడి టీమ్ చేసిన స్టడీలో తేలిందేంటంటే, తలకి కుడిపక్క మాత్రమే పెట్టి తక్కువ డోసు ఇస్తే ఫిట్స్ వస్తాయి గానీ డిప్రెషన్ తగ్గదు, బాగా ఎక్కువ డోసు ఇస్తేనే పని.

మరి అసలు ఎలా తగ్గిస్తుంది? పూర్తి జవాబు సైన్స్ దగ్గర ఇంకా లేదు. కోర్సు నడిచేకొద్దీ మెదడు ఫిట్స్‌ని తనంతట తాను ఆపుకునే శక్తి పెంచుకుంటుంది, ఆ శక్తే మందులా పనిచేస్తుందని కొందరంటారు. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం ట్రీట్‌మెంట్ తర్వాత కొంచెం పెరిగినట్టు స్కానుల్లో కనిపించింది. ఎలా పనిచేస్తుందో తెలియకుండా ఎలా చేస్తారండీ అని మా పెద్దనాన్న వాదించాడు, ఆయన రోజూ వేసుకునే మాత్రల్లో ఎన్ని ఎలా పనిచేస్తాయో ఆయనకి తెలుసో లేదో నేను అడగలేదు.

అక్క లేచాక తలనొప్పి, దవడ నొప్పి, ఒళ్లు నొప్పులు. లేచిన అరగంటదాకా ఎక్కడుందో తెలిసేది కాదు, "అయిపోయిందా?" అని అడిగేది, అయిపోయిందక్కా అంటే తల ఊపి మళ్లీ రెండు నిమిషాలకి "అయిపోయిందా?" వారానికి రెండు మూడు చొప్పున చేస్తారు, మామూలుగా మొత్తం ఆరు నుంచి పన్నెండు. తనలో తేడా ముందు మాకే కనిపించింది, తనకి కాదు, నడక మారింది, అడిగిన వెంటనే జవాబు వస్తోంది, తనేమో నాకేం తగ్గలేదు అంటూనే నర్సుతో "ఆ కిటికీ కర్టెన్ ఎప్పుడు ఉతికారు" అని గొడవ పెట్టుకుంది. బావ బయటికొచ్చి ఏడ్చాడు ఆ రోజు. మా అక్క అంటే కర్టెన్ల మీద దుమ్ము భరించలేని మనిషి మరి.

ఇప్పుడు జ్ఞాపకాల సంగతి. మాకు దీని గురించి చెప్పింది ఒకే ముక్క, "కొంచెం మతిమరుపు ఉంటుంది, తగ్గిపోతుంది". అది అబద్ధం కాదు కానీ సగం నిజం, ఆ మిగతా సగం ముందే చెప్పుంటే అక్క తర్వాత అంత బెంబేలు పడేది కాదని నా కోపం. మతిమరుపు రెండు రకాలు. ట్రీట్‌మెంట్ జరుగుతున్న రోజుల్లో కొత్త విషయాలు బుర్రలో నిలవవు, ఇది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, అక్కకీ సర్దుకుంది. రెండో రకం, ట్రీట్‌మెంట్‌కి ముందు జరిగినవి చెరిగిపోవడం. దగ్గరి నెలలవి ఎక్కువగా పోతాయి, కొన్ని తిరిగొస్తాయి, కొన్ని రావు. అక్కకి మా కజిన్ పెళ్లి మొత్తం లేదు. ఫోటోల్లో పెళ్లికూతురి పక్కన నవ్వుతూ నిలబడి ఉంది, ఆ ఫోటో చేతిలో పట్టుకుని "ఈ చీర నాదేనా" అని అడిగింది. ఫోన్ పిన్ను, ఏటీఎం పిన్ను పోయాయి. ఆఫీసులో తను తయారు చేసిన ఫైలు తనే కొత్తగా చదువుకుంది. పిల్లలు, మేము, చదువు, పని, వంట, పాత విషయాలు అన్నీ భద్రంగా ఉన్నాయి.

ఇందులో డాక్టర్లకీ పేషెంట్లకీ చాలాకాలంగా తగువు నడుస్తోంది. 2010లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో, చాలా స్టడీలు కలిపి చూస్తే, పరీక్షల్లో కనిపించే లోపాలు ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే, రెండు వారాలు దాటాక చాలావాటిలో ముందుకంటే మెరుగయ్యారు అని తేలింది. అదే 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్షలో, పేషెంట్లనే అడిగితే కనీసం మూడో వంతు మంది జ్ఞాపకాలు పోయి తిరిగి రాలేదన్నారు. రెండూ నిజం కావచ్చు, ఎందుకంటే పరీక్షలో ఇచ్చేది పది పదాల లిస్టు, అది గుర్తుపెట్టుకుని చెప్పగలిగితే పాస్, కజిన్ పెళ్లి గుర్తుందా అని ఆ పరీక్ష అడగదు. నాకైతే పేషెంట్ మాట ముందు నమ్మాలనిపిస్తుంది. ఇది తగ్గించుకునే దారులు ఉన్నాయి కూడా, రెండు కణతలకీ పెట్టడం కంటే కుడిపక్కకి మాత్రమే పెడితే జ్ఞాపకాల నష్టం తక్కువ, ఒక్కో పల్సు నిడివి తగ్గిస్తే ఇంకా తక్కువ, కాకపోతే కొంచెం నెమ్మదిగా పనిచేయొచ్చు, ప్రాణం మీదకి వచ్చినప్పుడు డాక్టర్లు రెండు పక్కలా పెట్టే పద్ధతికే వెళ్తారు. ఇవన్నీ మనం అడిగి మాట్లాడుకోగలిగిన విషయాలు, అడగాలని తెలిస్తే.

చచ్చిపోతారేమో అన్న భయానికి జవాబు కూడా ఇక్కడే చెప్పేస్తా, లక్ష ట్రీట్‌మెంట్లకి సుమారు రెండు మరణాలు, అది చిన్న ఆపరేషన్‌కి మత్తిచ్చినప్పుడు ఉండే రిస్కు అంతే. తలలో ప్రెజర్ పెరిగినవాళ్లకి, ఈ మధ్యే హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లకి మాత్రం చాలా జాగ్రత్త కావాలి.

రెండో భయం తిరగబెట్టడం, నన్నడిగితే ఇదే పెద్దది. మనిషి లేచి కూర్చుంది, నవ్వింది, ఇంటికొచ్చింది, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుని మందుల డబ్బా అటకెక్కిస్తారు. 2001లో సాకైమ్ వాళ్లదే ఇంకో స్టడీ ఉంది, ఈసీటీతో బాగా కోలుకున్నవాళ్లని మూడు గుంపులు చేసి ఆరు నెలలు చూశారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపులో 84 శాతం మందికి తిరగబెట్టింది. నార్‌ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇచ్చినవాళ్లలో 60 శాతం, దానికి మూడ్ నిలకడగా ఉంచే లిథియం కూడా కలిపి ఇచ్చినవాళ్లలో 39 శాతం. ఈ మూడు అంకెలు నేను బావకి చదివి వినిపించా, ఆయన కాసేపు ఏం మాట్లాడకుండా "అంటే మనం ఇప్పుడు మొదలుపెట్టామన్నమాట" అన్నాడు. ఆయనకి అర్థమైనంత బాగా నాకే అర్థం కాలేదప్పుడు. అందుకే ఈసీటీ తర్వాత మందులు తప్పనిసరి, కొంతమందికి వారానికొకటి, తర్వాత రెండు వారాలకొకటి, తర్వాత నెలకొకటి అలా దూరం పెంచుకుంటూ సెషన్లు కూడా కొనసాగిస్తారు. అక్క లిథియం వేసుకుంటోంది, దానికి రక్త పరీక్షలు తప్పవు, థైరాయిడ్, కిడ్నీలు చూస్తుండాలి, విసుక్కుంటుంది, వెళ్తుంది.

అన్ని కరెంటు వైద్యాలూ ఇంత పెద్దవి కావు. మా ఆఫీసులో ఒక ఫ్రెండ్ టీఎంఎస్, అంటే తల బయటి నుంచే అయస్కాంతంతో మెదడుని తట్టే వైద్యం, చేయించుకున్నాడు, తనది తిండి మానేసేంత డిప్రెషన్ కాదు, ఆఫీసుకి వస్తూనే లోపల ఖాళీ అయిపోయిన రకం. ఇందులో మత్తు లేదు, ఫిట్స్ లేవు, కుర్చీలో కూర్చుంటే తలకి ఎడమపక్క ముందు భాగంలో ఎనిమిది ఆకారంలో ఉన్న కాయిల్ ఆనిస్తారు. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే, మారుతున్న అయస్కాంత క్షేత్రం పక్కనున్న దాంట్లో కరెంటు పుట్టిస్తుంది, ఇక్కడ ఆ పక్కనున్నది మెదడు. 1985లో షెఫీల్డ్‌లో ఆంథనీ బార్కర్ టీమ్ దీన్ని మొదటిసారి మనిషి మెదడు మీద చేసి చూపించింది, 2008లో అమెరికాలో వైద్యాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీన్ని డిప్రెషన్‌కి అనుమతిచ్చింది. డోసు కనుక్కునే పద్ధతి భలే ఉంటుంది, ముందు చేతిని కదిలించే భాగం మీద కాయిల్ పెట్టి పవర్ పెంచుకుంటూ పోతారు, మనం కదపకుండానే మన బొటనవేలు టక్కున ఎగురుతుంది, ఎంత పవర్‌కి ఎగిరిందో చూసి దానికి 120 శాతం ట్రీట్‌మెంట్ డోసు. మా వాడు దానికి తెగ నవ్వాడంట, చాలా రోజుల తర్వాత నవ్విన నవ్వు అదేనని చెప్పాడు. ఇక సెషన్ అంటే వడ్రంగి పిట్ట నెత్తి మీద కూర్చుని పొడుస్తున్నట్టు, అది కూడా తీరిగ్గా, చెవుల్లో దూది పెట్టుకోకపోతే చెవులు గింగురుమంటాయి. పాత పద్ధతిలో రోజుకి 37 నిమిషాలు, 3000 పల్సులు, వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. అసలు కష్టం ఆ ఆరు వారాలు రోజూ వెళ్లడమే, మంచం మీంచి లేవడమే కష్టమైన జబ్బుకి రోజూ టంచనుగా రావాల్సిన వైద్యం పెట్టడం ఏంటో. 2018లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన ట్రయల్‌లో తీటా బర్స్ట్ అని మూడు నిమిషాల పద్ధతి కూడా పాతదానికి తీసిపోదని తేలింది, స్టాన్‌ఫోర్డ్ వాళ్లయితే రోజుకి పది సెషన్ల చొప్పున ఐదు రోజుల్లో ముగించే పద్ధతి తయారుచేశారు, దానికి 2022లో అనుమతి వచ్చింది. జ్ఞాపకాలకి ఏం కాదు. తలలో లోహం ముక్కలు, చెవిలో వినికిడి కోసం పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి పనికిరాదు, ఫిట్స్ రిస్కు చాలా అరుదు. కానీ మా అక్క ఉన్న స్థితికి ఇది ఆనదు, తీవ్రమైన కేసుల్లో ఈసీటీదే పైచేయి.

డీబీఎస్ అని మెదడు లోపలికే తీగలు దించి కరెంటు ఇచ్చే వైద్యం ఉంది, దాని గురించి చదివినప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది. 2005లో టొరంటోలో హెలెన్ మేబర్గ్ టీమ్ ఏ వైద్యానికీ లొంగని ఆరుగురికి మెదడు లోపల, ఏరియా 25 అనే చోట సన్నటి తీగలు పెట్టారు. పేషెంట్ మెలకువగానే ఉంటారు, కరెంటు ఆన్ చేసినప్పుడు కొంతమంది ఉన్నట్టుండి మనసు తేలికపడిందని, గదిలో వెలుతురు పెరిగినట్టుందని చెప్పారు, ఆన్ చేశారని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఆరు నెలలకి ఆరుగురిలో నలుగురు బాగున్నారు. తర్వాత పెద్ద ట్రయల్ పెడితే మెషిన్ ఆన్ చేసినవాళ్లకీ ఆన్ చేయనివాళ్లకీ తేడా కనపడక మధ్యలోనే ఆపేశారు, తీరా చూస్తే తర్వాత అందరికీ ఆన్ చేసి ఉంచితే రెండేళ్లకి దాదాపు సగం మందికి గుణం కనిపించింది. ట్రయల్‌కి ఆరు నెలలే గడువిచ్చారు, ఈ జబ్బు తొందరపడే రకం కాదు. మెడలోని వేగస్ నరానికి తీగ చుట్టి ఛాతీలో బ్యాటరీ పెట్టేది ఇంకోటుంది, 2005లోనే అమెరికాలో అనుమతి వచ్చింది, గుణం కనపడటానికి నెలలు పడుతుంది, గొంతు బొంగురుపోతుంది, దాని మీద నాకు పెద్ద ఆసక్తి కలగలేదు.

ఎక్కువమంది మెసేజ్ చేసి అడిగేది టీడీసీఎస్ గురించి, ఇంట్లో తలకి పెట్టుకుంటే సన్నటి కరెంటు పంపే బ్యాండు. రెండు మిల్లీ ఆంపియర్లు, అరగంట, ఈసీటీ కరెంటుతో పోలిస్తే నాలుగు వందలో వంతు. ఫలితాలు ఒకదానికొకటి పొసగవు, 2017లో మాత్రతో పోటీ పెడితే ఉత్తుత్తి దానికంటే నయం కానీ మాత్రకి సరితూగుతుందని నిరూపించుకోలేకపోయింది, 2023లో లాన్సెట్‌లో ఉత్తుత్తి దానికీ దీనికీ అసలు తేడానే లేదన్నారు, 2024లో ఇంట్లో వాడిన ట్రయల్‌లో పది వారాలకి బాగా పనిచేసిందన్నారు. డాక్టర్ చూస్తుండగా వాడితే నాకు అభ్యంతరం లేదు. యూట్యూబ్ చూసి తొమ్మిది వోల్టుల బ్యాటరీకి స్పాంజి ముక్కలు తగిలించి సొంతంగా చేసుకునేవాళ్లున్నారు చూడండి, వాళ్లకి చర్మం కాలడం ఒకటే సమస్య కాదు, బైపోలార్ ఉన్నట్టు తెలియని మనిషికి ఇది మేనియా, అంటే అదుపులేని హుషారు, తెప్పించొచ్చు, అది పట్టుకునే మనిషి పక్కన ఉండాలి కదా.

కెటమిన్ అనే మత్తుమందుని డిప్రెషన్‌కి వాడటం వచ్చాక ఇంకా ఈసీటీ ఎందుకు అని కూడా అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. 2023లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో రెండింటినీ పోల్చారు, కెటమిన్‌తో 55 శాతం, ఈసీటీతో 41 శాతం మందికి గుణం కనిపించింది, జ్ఞాపకాల విషయంలోనూ కెటమిన్‌దే మంచి ఫలితం. కానీ ఆ ట్రయల్‌లో భ్రమలున్నవాళ్లని తీసుకోలేదు, పేగులు ఎండిపోయాయనే మా అక్కలాంటి వాళ్ల గురించి అది ఏమీ చెప్పదు. హెడ్డింగు చూసి డాక్టర్‌తో వాదనకి దిగేముందు ఎవర్ని తీసుకున్నారో అన్న పేరా చదవండి.

నీకే వస్తే చేయించుకుంటావా అని మొన్న ఒక ఫ్రెండ్ అడిగింది. చేయించుకుంటా. లేచి తిరగగలిగే స్థితిలో ఉంటే ముందు టీఎంఎస్ అడుగుతా, తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే మాత్రం నా మాట వినకుండా ఈసీటీకి తీసుకెళ్లమని బావకి ఇప్పుడే చెప్పిపెట్టా, కుడిపక్కతో మొదలుపెట్టమని, అయ్యాక ఏం మందులు ఎన్నాళ్లో మొదటి సెషన్‌కి ముందే కాగితం మీద రాయించుకోమని, పిన్ నంబర్లన్నీ ఎక్కడ రాసిపెట్టానో కూడా. అక్క పక్కనే ఉండి "పెళ్లి ఫోటోల వెనక పేర్లు కూడా రాసిపెట్టుకో" అంది.